పన్నెండు మాటల శిలాఫలకం

"ప్రపంచంలో ఇంతవరకు ఏ ప్రభుత్వమూ, ఏ శాఖా, ఏ మంత్రీ కలలోనైనా అనుకోని పని మనం చేయబోతున్నాం. మన సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్‌ని క్రిప్టో కరెన్సీలో కట్టబోతున్నాం!" అని ధ్రువపత్రాల శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు హాల్లో రెండు నిమిషాల పాటు చప్పట్లు మోగాయి. మొదటి నిమిషం పీఏగారు ఒక్కరే కొట్టారు. ఆయన వెనక్కి తిరిగి మమ్మల్ని ఒక చూపు చూశాక, రెండో నిమిషం అందరం కొట్టాం.

ఆ హాల్లో నీకేం పని అని మీరు అడగొచ్చు. నేను శిలాఫలకాలు చెక్కేవాణ్ణి. శాఖ ఆఫీసు గేటుకి సరిగ్గా ఎదురుగా నా రేకుల షెడ్డు. మంత్రిగారు ఏ ప్రకటన చేసినా నాకు కబురొస్తుంది. ప్రకటించిన పని జరిగినా జరగకపోయినా పలక మాత్రం పడి తీరాలి కదా! ఈ మూడేళ్లలో ఆయనకి నూట ఎనభై రెండు పలకలు చెక్కాను. మంచినీళ్ల కూలర్ పెట్టినందుకు ఒకటి, ఆ కూలర్ బాగు చేయించినందుకు ఒకటి, దాన్ని తీయించేసి స్థలం ఆదా చేసినందుకు ఒకటి. అంతటి కార్యశూరుడి గురించి పత్రికల్లో ఎవరికి తోచింది వాళ్లు రాసేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ముందు ఆ సాఫ్ట్‌వేర్ సంగతి. పుట్టినవాడు పుట్టాడని, పోయినవాడు పోయాడని, పెళ్లయినవాడికి పెళ్లయిందని కాగితం ముద్రించి ఇచ్చేది అదే. దానికి ఏడాదికోసారి చందా కట్టాలి. పదో తారీకుతో గడువు ముగుస్తుంది. శాఖలో కంప్యూటర్లన్నీ ఒంటిచేత్తో నడిపే పెద్దాయన ఒకరున్నారు. అందరూ ఆయన్ని కీబోర్డు బాబాయి అంటారు. రిటైర్మెంటుకి రెండు నెలలుంది కాబట్టి ఆయనకి నిజం చెప్పే అలవాటు ఈమధ్యే వచ్చింది.

"సార్, పోయినేడు ఆఫీసు కార్డు పెట్టి కట్టేశామండీ. రెండు నిమిషాల పని" అన్నాడు హాల్లో లేచి నిలబడి.

మంత్రిగారు జాలిగా చూశారు. "రెండు నిమిషాల్లో అయిపోయే పనికి మంత్రి ఎందుకయ్యా?"

బాబాయి కూర్చున్నాడు. నేను మాత్రం, మంత్రిగారిలోని లోతు చూసి ముగ్ధుణ్ణయిపోయి, జేబులోంచి టేపు తీసి పోర్టికో గోడ కొలుచుకోవడానికి వెళ్లాను.

ఈ కథలో మా ఆవిడ కూడా ఉంది. ఉండకపోతే నాకు ఇంత వివరంగా తెలిసేది కాదు. ఆవిడ మూడుసార్లు పరీక్ష రాసి, మూడోసారి గట్టెక్కి, ఇదే ధ్రువపత్రాల శాఖలో రికార్డు అసిస్టెంటు ఉద్యోగం సంపాదించింది. ఇరవయ్యో తారీకు సాయంత్రం అయిదులోపు చేరాలి. చేరకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకి వెళ్లిపోతుంది. వయసు దాటిపోతుంది కాబట్టి నాలుగోసారి పరీక్ష రాసే వీల్లేదు. చేరాలంటే పుట్టిన తేదీ ధ్రువపత్రం కావాలి. చేతిరాతది చెల్లదు, శాఖ సాఫ్ట్‌వేర్ ముద్రించిందే కావాలి.

"దానిదేముంది, శాఖ మన ఎదురుగానే ఉందిగా" అన్నాను నేను ధైర్యంగా. మగవాళ్ల ధైర్యం ఎంతవరకో ఆవిడకి తెలుసు. మర్నాడే దరఖాస్తు పెట్టింది. అది తొమ్మిదో తారీకు. ఆమె వంతు పదకొండో తారీకున వచ్చింది. పదో తారీకు రాత్రే సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది.

కౌంటరులో గుమాస్తా చాలా మర్యాదగా చెప్పాడట. "అమ్మా, మీరు పుట్టారని నాకు కనిపిస్తూనే ఉంది. కానీ సబ్‌స్క్రిప్షన్ కడితేగానీ యంత్రం ఒప్పుకోదు."

"ఎప్పుడు కడతారు?"

"ఆవిష్కరణ అయ్యాక."

"దేని ఆవిష్కరణ?"

"కట్టడానికి."

మరోపక్క సెక్రటరీగారి గదిలో పని జోరుగా సాగుతోంది. నేను పలక సైజు అడుగుదామని వెళ్లి అక్కడే నిలబడిపోయాను. క్రిప్టో డబ్బు పెట్టుకోవడానికి వాలెట్ అనేది ఒకటి ఉండాలట. బాబాయి కంప్యూటర్లో దాన్ని తెరిచాడు. తెర మీద పన్నెండు ఇంగ్లీషు మాటలు వచ్చాయి: టైగర్, అంబ్రెల్లా, లెమన్, ల్యాడర్, అంకుల్, స్పూన్, విండో, పెన్సిల్, గూస్, వింటర్, రాబిట్, సోప్.

"ఇవి ఈ వాలెట్‌కి తాళంచెవి లాంటివండీ. ఈ మాటలు వరసగా తెలిసినవాడు ప్రపంచంలో ఎక్కడున్నా సరే దీన్ని తెరిచేయొచ్చు" అన్నాడు బాబాయి.

సెక్రటరీగారు కళ్లద్దాలు సవరించుకుని చదివారు. ఆయన ముప్పయ్యేళ్ల సర్వీసులో ఫైలుకెక్కనిది ఏదీ లోకంలో లేదని నమ్మిన మనిషి. "అయితే ఫైల్లో పెట్టండి. అనుబంధం-ఒకటి" అన్నారు.

ఫైలు మంత్రిగారి గదికి వెళ్లింది, దాని వెనకే మేమూ వెళ్లాం. ఆయన మొత్తం చదివారు. ఆయన చదవకుండా సంతకం పెడతారని రాసిన పత్రికలు ఈ విషయం గమనించాలి.

"ఈ అంకుల్ ఎవరయ్యా?" అన్నారు అయిదో మాట మీద వేలు పెట్టి.

"ఎవరూ కాదు సార్. యంత్రం ఇచ్చిన మాట" అన్నాడు బాబాయి.

"యంత్రానికి అంకుల్ ఎందుకుంటాడు? అవతలి పార్టీ మనిషి కాదు కదా?"

"కాదండీ. పక్కనే స్పూన్ కూడా ఉంది చూడండి."

స్పూన్‌కి ఏ పార్టీతోనూ సంబంధం లేదని పీఏగారు ధ్రువీకరించాక మంత్రిగారు స్థిమితపడ్డారు. "మొదటి మాట పులి. బాగుంది. ఇప్పుడు వీటిని ఎక్కడ దాచాలి?"

బాబాయి వాలెట్‌తో పాటు వచ్చిన సూచనల కాగితం తీసి చదివాడు. "కంప్యూటర్లో దాచకూడదట. కాగితం మీదైతే తడుస్తుంది, కాలిపోతుంది. నీటికి నానని, నిప్పుకి కాలని గట్టి వస్తువు మీద చెక్కించి, భద్రమైన చోట పెట్టుకోమంటున్నారు."

ఆ క్షణంలో గదిలో ఉన్న నలుగురూ ఒకేసారి నావైపు తిరిగారు. నా వృత్తిలో అంతటి గౌరవం నాకెప్పుడూ దక్కలేదు.

"మన దగ్గర రాయి ఉండనే ఉంది!" అన్నారు మంత్రిగారు. "భద్రమైన చోటంటే పోర్టికో గోడ. ఇరవైనాలుగు గంటలూ గార్డు ఉంటాడు."

బాబాయి మొహం పాలిపోయింది. "సార్, ఆ మాటలు ఎవరికీ తెలియకూడదండీ."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేచారంటే ఉపన్యాసమే. "ఇది ఎవరి వాలెట్? ప్రజల వాలెట్. ప్రజలకి తెలియకూడనిది నా దగ్గర ఏముంది? దాపరికం పాత ప్రభుత్వాల పద్ధతి. మనది పారదర్శకత!"

పీఏగారు చప్పట్లు కొట్టారు. ఈసారి వెనక్కి తిరగాల్సిన అవసరం లేకుండానే మేమూ కొట్టాం. బాబాయి తన అభ్యంతరాన్ని ఫైల్లో రాశాడు: "ఈ మాటలు చదివిన ఎవరైనా డబ్బు తీసుకుపోగలరు." దాని కింద సెక్రటరీగారు "చదివాను" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు.

ఆమోదం ముద్రతో కాగితం నా షెడ్డుకి వచ్చింది. ఇక్కడ నా పద్ధతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక సంఘం పలకలో ఉపాధ్యక్షుడి పేరుకి ముందు 'గౌరవనీయులైన' అన్నది జారిపోయింది. ఆయన అలిగి సభలోంచి వెళ్లిపోయాడు. పలక మొత్తం నా సొంత ఖర్చుతో మళ్లీ చెక్కాల్సి వచ్చింది. అప్పటినుంచి ముద్ర పడిన కాగితంలో ఏముంటే అదే చెక్కుతాను. అక్షరం కలపను, తీయను, అర్థం అడగను. బుర్ర ఇంట్లో పెట్టి ఉలి మాత్రమే పట్టుకెళతాను. ఆ రెండూ ఒకేచోట ఉన్న రోజున పని చెడిపోతుంది.

మా ఆవిడ షెడ్డుకి భోజనం తెచ్చి పలక చదివింది. పైన 'ప్రజా వాలెట్', కింద మంత్రిగారి పేరూ బిరుదులూ ఏడు వరసలు, ఆ కింద పన్నెండు మాటలు.

"ఇదేంటండీ? ఒకటో తరగతి పిల్లల వాచకమా?"

"తాళంచెవి."

"ఎక్కడ పెడుతున్నారు?"

"తలుపు పక్కనే గోడకి."

ఆవిడ నావైపు చూసిన చూపు నేను పెళ్లిచూపుల్లో కూడా చూళ్లేదు. "మీరేం అనలేదా?"

"ముద్ర ఉందే" అన్నాను.

"నాకు కావలసిన కాగితానికి ముద్ర లేదు. అక్కర్లేని కాగితాలన్నిటికీ ఉంది" అని గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయింది. ఆవిడకి దిగులుగా ఉందని నాకు తెలుసు. రాత్రిళ్లు నిద్రపోకుండా వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటోంది. కానీ పలక గడువు పదిహేడు, ఆవిడ గడువు ఇరవై. పలక ముందు.

పదిహేడో తారీకు ఆవిష్కరణ కన్నులపండుగగా జరిగింది. మంత్రిగారు తెర లాగారు. కెమెరాలు తళుక్కుమన్నాయి. ప్రతి అక్షరం స్పష్టంగా కనపడాలని ముందురోజే పన్నెండు మాటల్లోనూ నేను బంగారు రంగు నింపాను. ఆ తర్వాత అందరం లోపలికి వెళ్లాం. బాబాయి బల్ల మీద మౌస్‌కి ఎర్ర పట్టుగుడ్డ కప్పి ఉంచారు. 'చెల్లింపు బటన్‌ను గౌరవ మంత్రివర్యులు తప్ప శాఖ సిబ్బంది ఎవరూ తాకరాదు' అని సర్క్యులర్ గోడకి అంటించి ఉంది. వాలెట్‌లో చందాకి సరిపడా డబ్బు వేసి ఉంచారు, పైసా తేడా లేకుండా.

మంత్రిగారు గుడ్డ తీసి, కెమెరా వైపు నవ్వుతూ బటన్ నొక్కారు. తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది.

"ఏమంటోంది?" అన్నారు నవ్వు చెదరకుండా.

బాబాయి నీళ్లు నమిలాడు. "డబ్బు కదలాలంటే ఫీజు కట్టాలంటోంది సార్. మనం వేసిన నాణెం వేరు, ఫీజు కట్టాల్సిన నాణెం వేరు. ఆ రెండోది మన దగ్గర లేదు."

"ఎంతట?"

"ఒక పెన్ను ఖరీదు ఉంటుందండీ."

సెక్రటరీగారు ముందుకొచ్చారు. "పెన్నుకి పద్దు ఉంది సార్. ఈ ఫీజుకి పద్దు లేదు. కొత్త పద్దు తెరవాలంటే ఆర్థిక శాఖ అనుమతి కావాలి. మూడు నెలలు పట్టొచ్చు."

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించి కెమెరాల వైపు తిరిగారు. "నొక్కడం విజయవంతంగా పూర్తయింది. చేరడం యంత్రం పని" అన్నారు. చప్పట్లు. ఎంత క్లిష్టమైన సాంకేతిక విషయాన్నయినా మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య.

జనం వెనకాల నిలబడి వింటున్న మా ఆవిడ దరఖాస్తు కాగితం నలిగిపోయేలా పట్టుకుంది. ఇంటికొచ్చాక అడిగింది. "పెన్ను ఖరీదట కదండీ? నేనిస్తానంటే తీసుకోరా?"

"తీసుకోవడానికి కూడా పద్దు కావాలట. అడిగాను."

"అంటే నేనింక పుట్టనట్టేనా?" అంది నవ్వుతూనే. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను సుత్తి పిడి బిగించుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు అన్ని పత్రికల్లో పలక ఫొటో మొదటి పేజీలో వచ్చింది. ఇంటర్నెట్టులో అంతకంటే ఎక్కువ తిరిగింది. మధ్యాహ్నానికి పోర్టికో ముందు ఫోన్లు పట్టుకుని ఒకటే గుంపు. వచ్చినవాళ్లకి ఇబ్బంది కలగకుండా గార్డు దగ్గరుండి సాయం చేశాడు. "కొంచెం పక్కకి జరగండి సార్, అంకుల్ మీద మీ నీడ పడుతోంది" అంటున్నాడు. తెరిచి ఉన్న పెట్టెకి కాపలా అంటే ఎలా ఉండాలో ఆ మనిషిని చూసి నేర్చుకోవాలి.

సాయంత్రం కీబోర్డు బాబాయి వగర్చుకుంటూ నా షెడ్డుకి వచ్చాడు. మా ఆవిడ కూడా అక్కడే ఉంది.

"ఫీజు వస్తోందయ్యా!" అన్నాడు.

"ఎవరిచ్చారు?"

"దొంగలు."

మంచినీళ్లు తాగించి కూర్చోబెడితే వివరంగా చెప్పాడు. ఆ పన్నెండు మాటలు చూసి ప్రపంచం నలుమూలల నుంచీ దొంగలు వాలెట్ తెరుస్తున్నారు. లోపల డబ్బు కనపడుతోంది. తీసుకుపోదామంటే ఫీజు లేదు. సరేలే, అంత డబ్బు వస్తుంటే పెన్ను ఖరీదు ఎంత అనుకుని ఒకడు తన జేబులోంచి ఫీజు వేస్తున్నాడు. వాడు అసలు డబ్బు తీసేలోపు, అక్కడే కాచుకుని కూర్చున్న ఇంకొక దొంగ ఆ ఫీజు కాస్తా కొట్టేస్తున్నాడు. మళ్లీ ఎవడో కొత్తవాడు వేస్తున్నాడు, మళ్లీ ఎవడో కొట్టేస్తున్నాడు.

"పొద్దుటినుంచి రెండొందల మంది వేశారు. అసలు డబ్బు మాత్రం చెక్కుచెదరలేదు" అన్నాడు బాబాయి, అబ్బురంగా.

"ఆ ఫీజు లోపల ఎంతసేపు ఉంటోంది?" అంది మా ఆవిడ.

"రెండు సెకన్లమ్మా. మహా అయితే మూడు. ఫీజు పడితే బటన్ పచ్చగా మారుతుంది, పోతే ఎర్రగా. ఆ పచ్చగా ఉన్నప్పుడు మనం నొక్కితే చందా కట్టేసినట్టే. కానీ నేను ముట్టుకోకూడదు కదా! మంత్రిగారే నొక్కాలి."

మంత్రిగారికి కబురు వెళ్లింది. ఆయన సంగతంతా సావధానంగా విన్నారు. వినేకొద్దీ మొహం వెలిగిపోయింది.

"ఎన్ని దేశాల నుంచి వేశారు?"

"నలభై మూడు ఉండొచ్చు సార్" అన్నాడు బాబాయి. "కానీ వాళ్లు దొంగ..."

"నలభై మూడు దేశాలు!" అన్నారు మంత్రిగారు. "మనం అడగకుండానే! ఒప్పందం లేకుండా, విదేశీ యాత్ర లేకుండా! దీన్నేమంటారు?"

"విదేశీ పెట్టుబడి అంటారు సార్" అన్నారు పీఏగారు.

ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం మూడింటికి విలేకరుల సమావేశం పెట్టారు. అది అయ్యాక తీరిగ్గా వచ్చి బటన్ నొక్కుతానని మంత్రిగారు మాటిచ్చారు. మూడున్నర అయింది. నాలుగయింది. పై అంతస్తు హాల్లోంచి చప్పట్లు వినపడుతూనే ఉన్నాయి. కింద బాబాయి గదిలో మా ముగ్గురికీ ఊపిరాడ్డం లేదు. బాబాయి తెర వైపు చూస్తున్నాడు. నేను గోడ గడియారం వైపు చూస్తున్నాను. మా ఆవిడ సర్క్యులర్ చదువుతోంది.

నాలుగూ ఇరవైకి పైకి పరిగెత్తాను. మంత్రిగారు ఏడో దేశం దగ్గర ఉన్నారు. ఇంకా ముప్పయ్యారు దేశాలకి ధన్యవాదాలు చెప్పాలి. కిందకి దిగొచ్చి ఆ మాటే చెప్పాను.

"ఏవండీ" అంది మా ఆవిడ నెమ్మదిగా. "ఇక్కడ శాఖ సిబ్బంది ఎవరూ తాకరాదు అని ఉంది కదా?"

"అవును."

"నేనింకా చేరలేదు కదా?"

బాబాయి సర్క్యులర్ దగ్గరికి వెళ్లి రెండుసార్లు చదివాడు. ఆయన సర్వీసులో ఎన్ని సర్క్యులర్లు చదివి ఉంటాడో గానీ, ఒకటి చదివి నవ్వడం మాత్రం అదే మొదటిసారట. కుర్చీలోంచి లేచి పక్కకి జరిగాడు. "నాకు కంట్లో నలుసు పడిందమ్మా. నాకేం కనపడ్డం లేదు" అని కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

మా ఆవిడ కుర్చీలో కూర్చుని, పట్టుగుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది. ఎరుపు. ఎరుపు. పచ్చ! నొక్కేలోపు మళ్లీ ఎరుపు.

"తొందరపడకు" అన్నాను.

"మీరు మాట్లాడకండి. కదిలే బస్సు ఎక్కడం నాకు అలవాటే."

ఇంకోసారి పచ్చ వచ్చింది, పోయింది. నాలుగూ ముప్పయ్యారు. మా ఆవిడ కళ్లార్పడం మానేసింది. పై అంతస్తులో మళ్లీ చప్పట్లు. ఎరుపు. ఎరుపు. పచ్చ అవుతోందో లేదో, టప్పుమని నొక్కింది.

తెర ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత 'మీ సబ్‌స్క్రిప్షన్ ఏడాదికి పొడిగించబడింది, ధన్యవాదాలు' అని వచ్చింది. బాబాయి కంట్లో నలుసు చప్పున పోయింది. కిటికీ దగ్గర్నుంచి ఒక్క గెంతులో ప్రింటరు దగ్గరికి చేరాడు. నాలుగూ నలభై ఎనిమిదికి మా ఆవిడ అధికారికంగా పుట్టింది. నాలుగూ యాభై ఆరుకి ఉద్యోగంలో చేరింది. రిజిస్టరులో నిదానంగా సంతకం పెట్టింది. నేను మాత్రం గుమ్మంలో నిలబడి సిగ్గులేకుండా ఏడ్చేశాను. ఉలితో తప్ప మరో విధంగా నేను ఎవరికీ ఏమీ చేయలేనని ఆరోజు తెలిసినా, ఎందుకో బెంగ అనిపించలేదు. అదే నొక్కు ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఏ దేశపు దొంగో మా ఆవిడ ఉద్యోగం ఎత్తుకుపోయేవాడు.

తర్వాత విచారణ సంఘం వేశారు. బటన్ నొక్కింది ఎవరని కాదు, ఆ రాజద్రోహపు ఆలోచన ఎవరికీ రాలేదు. ఇంత ఘనవిజయం ఎలా సాధ్యమైందో తేల్చడానికి వేశారు. పదిహేడో తారీకున మంత్రిగారు నొక్కిన నొక్కే మూడు రోజులు ప్రయాణం చేసి ఇరవయ్యో తారీకున గమ్యం చేరిందని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. సభ్యులు ముగ్గురూ పెద్ద చదువులు చదువుకున్నవాళ్లు, కాదనడానికి మనమెంత! మొత్తం వ్యవహారంలో వాళ్లకి కనపడిన లోపం ఒక్కటే: ఫీజు ముందుగా వేసి ఉంచకపోవడం. ఇకమీదట ఆ పొరపాటు జరగకుండా చూడాలని సిఫార్సు చేశారు. మంత్రిగారు దాన్ని అక్కడికక్కడే ఆమోదించారు. తప్పు ఎత్తి చూపిస్తే ఒప్పుకునే మంత్రులు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు?

మా ఆవిడ రోజూ తొమ్మిదింబావుకి నాతోపాటు షెడ్డు దాకా వచ్చి, రోడ్డు దాటి ఆఫీసుకి వెళుతోంది. రికార్డు గదిలో దుమ్ము దులిపి, పుట్టినవాళ్లని ఒక అరలోనూ పోయినవాళ్లని ఇంకో అరలోనూ సర్దింది. అంతకుముందు అందరూ కలిసే ఉండేవారట. మొదటి జీతం వస్తే నాకు కొత్త కళ్లద్దాలు కొనిపెడతానంది. బాబాయికి రిటైర్మెంటు కానుకగా మంచి చేతిగడియారం ఒకటి అనుకుంది. కొట్లో చూసి కూడా వచ్చింది.

ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున్న నా షెడ్డుకి కొత్త కాగితం వచ్చింది. ఇప్పటిదాకా నేను చెక్కినవాటిలోకెల్లా పెద్ద పలక, ఎనిమిదడుగుల పొడవు. మా ఆవిడ ఆఫీసుకి వెళ్లబోతూ ఆగి, నా భుజం మీంచి చదివింది. 'ప్రజా మహా వాలెట్' అని ఉంది. నలభై మూడు దేశాల ఆదరణ దృష్ట్యా శాఖ నిధులన్నీ, సిబ్బంది జీతాలతో సహా, ఇందులోకి మార్చడమైనదని ఉంది. మంత్రిగారి బిరుదులు ఏడు వరసల నుంచి పదకొండుకి పెరిగాయి. వాటి కింద కొత్తగా పన్నెండు మాటలు. అన్నిటికంటే కింద, 'విచారణ సంఘం సిఫార్సు మేరకు ఫీజు ముందుగానే జమ చేయబడినది' అని పెద్ద అక్షరాల్లో వేయమన్నారు. కాగితం మీద ముద్ర స్పష్టంగా ఉంది.

"ఆవిష్కరణ ఎప్పుడండీ?" అంది మా ఆవిడ.

"ఒకటో తారీకు. పొద్దున్న పదింటికి."

"మాకు జీతాలు పడేది పదకొండింటికి" అంది.

నా పనిముట్ల పెట్టె తెరిచి, అక్షరాలు చెక్కడానికి నాకున్న సన్న ఉలులు మూడూ ఏరి తీసింది. చేతిరుమాలులో చుట్టి తన కొత్త హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. జిప్పు లాగి, రోడ్డుకి రెండువైపులా చూసుకుని, డ్యూటీకి వెళ్లిపోయింది.

పది నిమిషాల్లో పీఏగారి ఫోను. "పని ఎంతవరకు వచ్చిందయ్యా?"

"మొదలైందండీ" అన్నాను.